ఎంత కొనవలెను? ఎంతకు అమ్మవలెను?

సాయంకాలము గుడివాకిట బుట్ట దించుకొని మల్లెపూలు అమ్ము స్త్రీని చూడనివారుండరు. తెల్లవారుజామున పూలు కొని, పగలు మాల కట్టి, దీపముల వేళకు అమ్మును. మిగిలినది మరునాటికి వాడిపోవును. పెట్టుబడి పలుమారు ఉదయము తెచ్చి రాత్రికి తీర్చవలసిన అప్పు. ఎంత కొనవలెను, మూర ఎంతకు అమ్మవలెను అను రెండు ప్రశ్నలు ఆమెకు నిత్యము ఎదురగును. ఇవి వేరువేరు ప్రశ్నలు కావని మేము చెప్పదలచితిమి.

శాస్త్రజ్ఞులు చాలకాలము మొదటి ప్రశ్ననే పట్టుకొనిరి. 1913లో అమెరికా ఇంజనీరు ఫోర్డ్ హారిస్, ఒక పర్యాయము ఎంత సరకు తెప్పించిన ఖర్చు తగ్గునో సూత్రము చెప్పెను. అందు గిరాకి మారని సంఖ్య. వెలతోపాటు గిరాకి మారునని 1955లో థామ్సన్ విటిన్ వెలను, నిలువను ఒకే లెక్కలో కూర్చెను. పూలమ్ము నామె విన్నచో నవ్వునేమో!

మూరకు పడు ఖర్చు 8 రూపాయలనుకొందము. 20 రూపాయలకు 100 మూరలు పోవును. రూపాయి పెంచినప్పుడెల్ల 5 మూరలు తగ్గును. 20కి అమ్మిన లాభము 1200. 30కి అమ్మిన 50 మూరలే పోవును, లాభము 1100. 24కి 80 మూరలు పోయి 1280 మిగులును. బుట్ట ఎక్కువ ఖాళీయైన దినమే ఎక్కువ మిగిలిన దినము కాదు.

అయితే 80 అనునది సగటు మాత్రమే. వాన కురియవచ్చును, ముహూర్తము తగులవచ్చును. గిరాకి 50 మొదలు 110 వరకు ఎంతయైనను సమానముగా సంభవమనుకొందము. మిగిలిన మూరకు నష్టము 8 రూపాయలు. పూలు లేక తిరిగిపోయిన బేరమునకు నష్టము 16. కావున మూడు దినములలో రెండు దినములు చాలునంత, అనగా 90 మూరలు కొనవలెను. సగటుకంటె 10 ఎక్కువ! అదే 12 రూపాయలకు అమ్మినచో సగటు గిరాకి 140. తిరిగిపోయిన బేరమునకు నష్టము 4 మాత్రమే. హెచ్చుతగ్గులు అంతే యున్నచో 130 మూరలు చాలును. వెల మార్చుటతో, సగటును మించి కొనవలసినది తగ్గించి కొనవలసివచ్చినది.

ఈ అనిశ్చితి వెలను ఎటు త్రోయును? హెచ్చుతగ్గుల పరిమాణము వెలతో మారనిచో వెల కొంచెము తగ్గించుట మేలని 1959లో ఎడ్విన్ మిల్స్ చూపెను. మన లెక్కలో ఆ తగ్గింపు అర్ధరూపాయిలోపే. హెచ్చుతగ్గులు గిరాకితోపాటు పెరుగుచున్నచో వెల పెంచవలెనని 1962లో కార్లిన్, కార్ తేల్చిరి.

రాత్రి గుడి మూయు వేళ ఆమె మూర 5 రూపాయలకు ఇచ్చుట అవివేకము కాదు. కొన్న ఖర్చు అప్పటికే వెచ్చమైనది. అట్లు కొంత రాబట్టగలిగినచో ఉదయమున మరికొన్ని పూలు ధైర్యముగా కొనవచ్చును. కాని ప్రతి రాత్రియు వెల తగ్గునని ఎరిగిన ఇల్లాలు ఆ వేళవరకు ఆగియే వచ్చును.