కత్తిరింపు లేని పుస్తకం
(సత్యనారాయణపేటలో ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠం)



 ఈ ఉదయం మన ఇళ్ళలో ఉగాది పచ్చడి చేసుకున్నాము. పక్క యింటి కన్నడ సోదరులు బేవు-బెల్ల పంచుకున్నారు. పేర్లు వేరైనా వేపపువ్వు, బెల్లం రెండిళ్ళలోనూ ఉన్నవే. ఎవరికో గిట్టలేదని ఒక రుచి తీసివేస్తే అది ఉగాది పచ్చడి అనిపించుకోదు. పుస్తకం విషయంలోనూ ఇదే మాట అని పట్టుబట్టిన ఒక ప్రచురణకర్తను గురించి ఈ పూట మీతో నాలుగు మాటలు ముచ్చటించదలచాము.

మన పెద్దలకు వావిళ్ళవారి పేరు కొత్త కాదు. పెద్దబాలశిక్ష మొదలు ప్రబంధాల దాకా వారి అచ్చుపుస్తకం లేని తెలుగు చదువరి ఇల్లు ఒకనాడు అరుదు. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు చెన్నపట్టణంలో ప్రారంభించిన ముద్రణాలయం అది. వారి కుమారులు వేంకటేశ్వర శాస్త్రులుగారి కాలంలో అది మహావృక్షమైంది. రాజాశ్రయం గాని, సర్కారు సాయం గాని లేకుండా, పుస్తకం అమ్మిన డబ్బుతో మరో పుస్తకం అచ్చువేసే సంస్థ. అట్టి సంస్థకు 1911లో ఒక పెద్ద పరీక్ష వచ్చింది.

ఆ పరీక్ష తెచ్చిన గ్రంథం పేరు 'రాధికా సాంత్వనము'. దానిని రచించినది ముద్దుపళని. పద్దెనిమిదవ శతాబ్దిలో తంజావూరును ఏలిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానంలో ఆమె కవయిత్రి, విదుషి, దేవదాసి. తెలుగునాటికి దూరంగా, తమిళదేశంలో, మహారాష్ట్ర ప్రభువు కొలువులో తెలుగు కావ్యం పుట్టిందంటే ఆనాటి మన భాష ఎంతదూరం నడిచిందో చూడండి! కావ్యంలో శ్రీకృష్ణుడు ఇలాదేవిని పెండ్లాడతాడు. ఆమెను పెంచి పెద్దచేసినది రాధయే. తరువాత రాధ అలుక, విరహం, కృష్ణుడు ఆమెను అనునయించడం కథ. శృంగారం దాపరికం లేకుండా ఉన్నది. ఆ సంగతి మేమూ దాచము. అయితే మగవాని కోరికనే గాక ఆడుదాని కోరికను ఆడుదే చెప్పడం ఆ కావ్యంలోని విశేషం.

ఈ గ్రంథాన్ని 1887లో పైడిపాటి వేంకటనరసుగారు అచ్చువేయించారు. అంతవరకు మెచ్చదగినదే. కాని ఆ ముద్రణలో కొన్ని పద్యాలు లేవు. పీఠిక కూడా లేదు. ఆ పీఠికలో ఉన్నది శృంగారం కాదు. ముద్దుపళని తనను గురించి, తన ఇంటి స్త్రీలను గురించి చెప్పుకున్న మాటలు. అనగా కత్తెర పడినది అసభ్యతమీద మాత్రమే కాదు, ఒక కవయిత్రి ఆత్మగౌరవం మీద గూడ. పిమ్మట కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ కావ్యాన్ని తీవ్రంగా నిరసించారు. పంతులుగారు స్త్రీ జనోద్ధరణకు ఒళ్ళు దాచుకోకుండా పాటుపడిన మహనీయులు. వారి ఉద్దేశాన్ని మేము శంకించము. అయినను మంచివారి చేతి కత్తెర గూడ కత్తెరే.

ఇక్కడ మన కన్నడనాటికి ఈ కథలో భాగం కలుగుతున్నది. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1878లో మైసూరు దగ్గరి నంజనగూడులో జన్మించారు. కన్నడ, తెలుగు, సంస్కృతాలు నేర్చిన గాయని. తరువాతి కాలంలో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన పుణ్యాత్మురాలు ఆమెయే. ఆమె శ్రమపడి 1887 నాటి ప్రతిని సంపాదించారు. తరువాత వ్రాతప్రతి ఒకటి చేతికందగా, రెండూ సరిపోల్చి చూచి, పోయిన భాగాలను గుర్తించారు. పుస్తకాన్ని పూర్తిగా పరిష్కరించి ఇవ్వగా, 1910లో వావిళ్ళవారు ప్రకటించారు.

నాగరత్నమ్మగారు తమ పీఠికలో నిలదీసి అడిగిన విషయం ఒక్కటే. సిగ్గు అనేది ఆడవారికే గాని మగవారికి అక్కరలేదా? పంతులుగారే పరిశీలించి ఆమోదించిన 'వైజయంతీ విలాసము'లో శృంగారం లేదా? ఈ ప్రశ్నకు సమాధానం రాలేదు. నిందలు మాత్రం వచ్చాయి. వ్రాసినది వేశ్య, అచ్చువేయించినది వేశ్య అని ఎత్తిపొడిచిన పత్రిక గూడ ఉన్నది.

1911లో ప్రభుత్వం కదిలింది. ప్రభుత్వ అనువాదకులు ఏరిన కొన్ని పద్యాలను ఇంగ్లీషులోకి మార్చి అధికారులకు అందజేశారు. తెలుగు ఛందస్సు, సంప్రదాయం ఎరుగని దొరలు ఆ ముక్కలను బట్టి పుస్తకం మొత్తానికి తీర్పు చెప్పారు. పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. శిక్షాస్మృతి 292వ సెక్షను క్రింద ప్రచురణకర్తలే ముద్దాయిలైనారు. వేంకటేశ్వర శాస్త్రులుగారికి అప్పటికి ఇరవై యేడేండ్ల వయస్సు. "పొరపాటైనది, క్షమించండి" అని ఒక కాగితం వ్రాసి ఇచ్చి, లాభం వచ్చే బడిపుస్తకాలు అచ్చువేసుకొని సుఖంగా ఉండవచ్చును. వారు అలా చేయలేదు. పండితులను కూడగట్టి ప్రభుత్వానికి విన్నపం చేశారు. దీనిని అసభ్యమంటే మన ప్రాచీన కావ్యాలలో నిలిచేది ఏది అని వాదించారు. ప్రభుత్వం వినలేదు. గ్రంథం నిషిద్ధమైంది.

ఆనాడు మన బళ్ళారి గూడ మద్రాసు రాజధానిలోనిదే. 1953 అక్టోబరు 1న గదా మనం మైసూరు రాష్ట్రంలో చేరినది! కాబట్టి ఆ నిషేధం మన తాతల మీద గూడ ఉన్న నిషేధమే. ధర్మవరం కృష్ణమాచార్యులుగారు, కోలాచలం శ్రీనివాసరావుగారు, రాఘవగారు నాటకాలతో ఉర్రూతలూగించిన ఈ ఊరికి సర్కారు కన్ను కొత్త కాదు. నాటక ప్రదర్శనలను అదుపులో పెట్టే చట్టం 1876లోనే వచ్చింది.

ఇక ముప్పది ఆరేండ్లు గడిచాయి. ఇంతలో ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' నవల గూడ నిషేధం పాలైంది. అక్కడ భయం శృంగారం వలన కాదు, రాజకీయం వలన. సాకు మారినా చేయి ఒక్కటే. చివరకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి అండతో 1947లో రాధికా సాంత్వనం మీది నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళవారే దానిని తిరిగి అచ్చువేశారు. నాగరత్నమ్మగారు పరమపదించినది ఆ సంవత్సరమే. శాస్త్రులుగారు 1956లో కీర్తిశేషులైనారు. 1991లో సూసీ తారు, కె. లలితగార్లు భారతీయ స్త్రీల రచనలను ఇంగ్లీషులో సంకలనం చేసి ఈ కథ చెప్పిన తరువాత ముద్దుపళని పేరు తెలుగు రాని వారికి గూడ తెలిసింది.

మిత్రులారా, పసిపిల్లల చేతికి ఈ పుస్తకం ఇమ్మని మేము చెప్పడం లేదు. ఏ వయస్సుకు ఏ పుస్తకమో తల్లిదండ్రులు చూచుకుంటారు. నచ్చనివారు చదవకపోవచ్చు, విమర్శించవచ్చు, చీవాట్లు గూడ పెట్టవచ్చు. కాని ఎదిగిన చదువరి ఏమి చదవాలో ఠాణాలో నిర్ణయించరాదు. మనకు తెలియకుండా పద్యాలు తీసివేసి ఇదే గ్రంథమని చేతిలో పెట్టరాదు. వావిళ్ళవారు నిలిచినది ఈ రెండు మాటల మీద.

మనవంటి ప్రవాసాంధ్రులకు ఇందులో మరొక పాఠం ఉన్నది. తమిళదేశంలో పుట్టిన తెలుగు కావ్యాన్ని కన్నడదేశంలో పుట్టిన వనిత వెదకి తెచ్చింది. చెన్నపట్టణంలోని ప్రచురణకర్త దానికోసం కోర్టు ముందు నిలిచాడు. భాషను కాపాడడానికి సొంత రాష్ట్రంలోనే ఉండనక్కరలేదు. మన పిల్లలు బడిలో కన్నడం చదువుతున్నారు, చక్కగా చదవనివ్వండి. ఇంట్లో తెలుగు అక్షరాలు గూడ దిద్దించండి. అక్షరం రానివానికి అన్ని పుస్తకాలూ నిషిద్ధ గ్రంథాలే! ఆ నిషేధాన్ని ఏ ప్రకాశం పంతులుగారూ ఎత్తివేయలేరు.

మన ఇళ్ళ అటకల మీద, పాత ట్రంకుపెట్టెలలో వావిళ్ళవారి పుస్తకాలు ఉంటే పాత కాగితాలవానికి తూచి ఇవ్వకండి. దులిపి, అట్టవేసి, పదిమందికీ అందుబాటులో పెట్టండి. వచ్చే ఉగాదికి ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క పాత పుస్తకం తెచ్చి ఈ వేదిక మీద పెట్టగలిగితే, మేము ఈనాడు మాట్లాడినందుకు ఫలితం దక్కినట్లే.