ఇంగ్లీషు క్రియలు – వాటి తోకలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనవలతో ఇంగ్లీషులో మాట్లాడవలసి వస్తున్నది, ఆ భాషలోని పలుకుబళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. 36 ఏళ్ళు నోట్ ఫైళ్ళు రాసిన గుమాస్తాను. అందుచేత నా తప్పులే చెబుతాను.

మనకు ‘పుట్ అప్’ అంటే ఫైలు అధికారి ముందు పెట్టడం. మా బావమరిది అప్పటి మదరాసు నుంచి, రెండు రోజులు నన్ను పుట్ అప్ చేయగలవా అని ఉత్తరం రాశాడు. ఇతణ్ణి ఏ అధికారి ముందు పెట్టాలిరా భగవంతుడా అనుకున్నాను. ఇంట్లో ఉండనిస్తావా అని అడిగాడు పాపం. దానికే ‘విత్’ తగిలిస్తే భరించడం. రెండు రోజులు రెండు వారాలయ్యేసరికి ఆ అర్థమూ బోధపడింది.

నవ్వు రాని సంగతి ఒకటున్నది. 1979లో మా ఆఫీసు అటెండరు సర్వీసులో ఉండగానే పోయాడు. అతని భార్య కుటుంబ పెన్షను కాగితాలు నా సీటులోకి వచ్చాయి. సర్వీసు రిజిస్టరులోని ఎంట్రీలు ఒకసారి చూడవలసిందని పై కార్యాలయానికి రాయాలి. ‘లుక్ ఓవర్’ అంటే పరిశీలించడమని చదివి ఉన్నాను. తిరగేసి కలిపి రాస్తే మరింత హుందాగా ఉంటుందనుకొని ‘కైండ్లీ ఓవర్‌లుక్ ది ఎంట్రీస్’ అని డ్రాఫ్టు రాశాను. చూసీ చూడనట్టు వదిలేయండని దాని అర్థం! సంతకమూ అయింది, టపాలోనూ వెళ్ళింది. ఎంట్రీలలో ఏ లోపాన్ని ఉపేక్షించమంటున్నారో వివరణ పంపండని నెల తరువాత జవాబు వచ్చింది. లోపమేమీ లేదని మేము రాసి, వారు నమ్మేసరికి మరి మూడు నెలలు. ఆమె చంకలో బిడ్డతో ప్రతి సోమవారం వచ్చేది. “పైనుంచి ఇంకా రాలేదమ్మా” అనేవాణ్ణి. ఎందుకు రాలేదో ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

అప్పటినుంచి జాబితాలు బట్టీపట్టడం మానేశాను. ఆలోచిస్తే మన తెలుగులోనూ ఇదే ఉన్నది. తినడం వేరు, తినేయడం వేరు. వెళ్ళాడు, వెళ్ళిపోయాడు ఒకటి కాదు. చెప్పడానికీ చెప్పుకోవడానికీ ఎంత తేడా! ఇవి మనకెవరూ పాఠంగా చెప్పలేదు, విని విని పట్టుకున్నాం. ‘ఈట్ అప్’లో ‘అప్’ అంటే పైకి కాదు, మిగల్చకుండా తినేయమని. ‘యూజ్ అప్’ కూడా అంతే. అలాగని ‘అప్’ కనిపించిన ప్రతిచోటా ఈ సూత్రం పనికిరాదు, మా బావమరిది ఉత్తరమే సాక్ష్యం. ‘లుక్ ఇట్ అప్’లో ‘ఇట్’ మధ్యలో దూరుతుంది, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’లో దూరదు. వాక్యం వాక్యంగా చెవికి పట్టవలసిందే.

అందుకే నా నోటుపుస్తకంలో మాటకు అర్థం రాయను. విన్న వాక్యం మొత్తం రాసి, ఎవరు ఎవరితో అన్నారో పక్కన వేస్తాను. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా, ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు అని అలాగే నిలిచింది. మొన్న అమెరికా నుంచి మా అబ్బాయి, ప్రయాణం ‘పుట్ ఆఫ్’ చేశామని ఫోనులో అన్నాడు. ఇక రారేమోనని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. రద్దు కాదే, వాయిదాయే అని అక్కడికక్కడ చెప్పగలిగాను.