లెక్క తేలేదాకా కుట్టు వేయరు

 

బడి పంతుళ్ళం మేము ఆపరేషన్ థియేటర్ గురించి మాట్లాడటం మీకు వింతగా ఉండవచ్చు. మా దగ్గర పదో తరగతి చదివి, మీ స్కాలర్‌షిప్‌తో నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయి ఇప్పుడు ఒక చిన్న ధర్మాసుపత్రిలో సర్జికల్ నర్సు. మొన్న సెలవులకు వస్తే, తన పని గురించి మా పిల్లలకు చెప్పమన్నాము. పిల్లలకంటే మేమే ఎక్కువ నేర్చుకున్నాము.

డాక్టరుకు కత్తెర అందించే మనిషే నర్సు అనుకునేవాళ్ళం. కాదట. ఒక నర్సు చేతులు శుభ్రం చేసుకుని, గౌను, గ్లవ్స్ వేసుకుని టేబుల్ దగ్గర నిలబడుతుంది. మరొకరు బయటినుంచి కావలసినవి అందిస్తూ లెక్క రాస్తారు. కోతకు ముందు గాజు గుడ్డలు, సూదులు, పరికరాలు ఇద్దరూ పైకి చెబుతూ లెక్కపెడతారు. పొట్ట మూసేముందు మళ్ళీ, పైచర్మం కుట్టేటప్పుడు ఇంకోసారి. రక్తంలో తడిసిన గుడ్డ లోపల ఉండిపోతే కంటికి ఆనదు.

ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు ఒక సాయంత్రం లెక్కలో ఒక గుడ్డ తగ్గింది. "సరిగ్గా చూడమ్మా" అన్నారట పెద్ద సర్జన్. మళ్ళీ లెక్కపెట్టింది. ఒకటి తక్కువే. "ఇప్పుడే మూయకండి సార్" అంది. పది నిమిషాలు వెతికితే, రోగి మీద కప్పిన బట్ట మడతలో దొరికింది. "ఆ పది నిమిషాలూ కాళ్ళు వణికాయి టీచర్" అని చెప్పింది. డాక్టరుగారు కోప్పడలేదు, "ఇక కుట్టు సామాను ఇవ్వు" అన్నారంతే.

ఇది ఒక్క ఆసుపత్రి పట్టింపు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ తనిఖీ పట్టికలో, రోగిని బయటికి తీసుకెళ్ళేముందు లెక్క సరిపోయిందని నర్సు నోటితో చెప్పాలి. ఆ పట్టికను 8 నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి.

తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేవి వేరు. చేతులు మోచేతిదాకా కడగాలి కదా, పరదా సంగతేమిటని. వుజూలోనూ మోచేతిదాకానే కడుగుతాం! ఆపైన గౌను మణికట్టుదాకా కప్పుతుంది. తల కప్పుకోవటం థియేటర్‌లో ఆడా మగా అందరికీ తప్పనిసరి. రాత్రి డ్యూటీ మాటకు మాత్రం మా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆసుపత్రి బండి ఇంటి గడపదాకా వస్తుందా అని ఈ అమ్మాయి అబ్బా ముందే వెళ్ళి అడిగి వచ్చారు. అలా అడగటమే సరైనదని మా అభిప్రాయం.

మన దరఖాస్తు ఫారంలో ఇంజనీరింగుకు, మెడిసిన్‌కు గళ్ళున్నాయి. నర్సింగ్ 'ఇతరములు'లో ఉంది. ఈ ఏడు బైపీసీ పూర్తిచేసిన మా పాత విద్యార్థినులు ఇద్దరు ఆ గడిలోనే టిక్కు పెట్టారు. ఫీజుకంటే హాస్టలు ఖర్చు వాళ్ళకు పెద్ద అడ్డంకి. ఇద్దరి కాగితాలూ మా సంచిలో ఉన్నాయి, భోజనాల దగ్గర చూపిస్తాము.