మందుల షాపులో మీరు చెప్పే మాట



ఫార్మసీ పట్టా అందుకుంటున్న మిత్రులారా, రేపు మీ కౌంటర్ దగ్గరికి ఒక పెద్దావిడ వస్తుంది. ఖాళీ ఆల్ప్రజోలం అట్ట చూపించి, "ఇవే ఇంకో పది ఇవ్వు నాయనా, లేకపోతే గుండె దడ, నిద్ర పట్టదు" అంటుంది. చీటీ ఏదమ్మా అంటే, "డాక్టరుగారు ఎప్పుడో రాశారులే" అంటుంది. అది అబద్ధం కాదు. కొన్నాళ్లకని రాసిన మాత్ర ఏళ్లకేళ్లు సాగిపోతోంది.

ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా ఇవ్వకూడదు. డాక్టరు, రోగి, మందు, ఎన్ని ఇచ్చారు అన్నవి రిజిస్టరులో రాసి 3 ఏళ్లు దాచాలి. 2014 నుంచి అమల్లో ఉన్న నియమమిది. అయితే లేదు పొమ్మంటే మీ బాధ్యత తీరిపోదు. రోజూ వేసుకునే మనిషి హఠాత్తుగా మానేస్తే వణుకు, కంగారు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డాక హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం ఎలా పోటెత్తారో గుర్తుందా? కల్తీ కల్లులో కలిపేవి ఆల్ప్రజోలం, డయాజిపామ్ లాంటివే. తాము ఏం తాగుతున్నారో కూడా తెలియనివాళ్లు వాళ్లు. ఆల్ప్రజోలాన్ని డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలి. కాబట్టి ఆ పెద్దావిడకు విషయం చెప్పి, ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపండి. మద్యంతో కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చన్న సంగతి ఈ మాత్ర కొనే ప్రతివారికీ చెప్పండి.

భయపడి మంచి మందు మానేసేవాళ్ల గురించే నా దిగులు ఇంకా ఎక్కువ. హఠాత్తుగా తీవ్రమైన భయం కమ్మేసే పానిక్ డిజార్డర్‌కు డాక్టర్లు తరచుగా ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి రాస్తారు. ఇవి మత్తుమందులు కావు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, కంగారు కాస్త పెరగవచ్చు కూడా. ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎంతమంది నాలుగో రోజే మాత్రలు పక్కన పడేస్తారో! నెమ్మదించాక కూడా కొన్ని నెలలు వాడాలని, డాక్టరును అడగకుండా ఆపొద్దని మీరే చెప్పాలి. పక్కవాళ్లకు వినపడకుండా, గొంతు తగ్గించి చెప్పండి. "పిచ్చి మందులు" అన్న మాట మీ షాపులో ఎవరి నోటా రానివ్వకండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.