మార్కులు వేలికా, తెలివికా?

(బజర్ క్విజ్ నియమాల గురించి సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం నాడు కుటుంబ సభ్యులతో కలిసి బజర్ క్విజ్ జరపాలని మన కార్యవర్గం తీర్మానించింది. నియమావళి తయారుచేసే పని నాకు అప్పగించారు. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా ఫైళ్లతో కాపురం చేసినవాణ్ణి కనుక నియమాలంటే నాకు బెదురు లేదు. పైగా ఈ వయసులో ఒక డ్రాఫ్టు రాసి పై అధికారికి పెట్టకుండా నేరుగా చదివే అవకాశం వచ్చింది. వదులుకుంటానా?

క్విజ్ అంటే ప్రశ్నలు, జవాబులు, అంతే కదా అని కొందరు అనవచ్చు. అంతే కాదు. అవే ప్రశ్నలు, అవే జట్లు ఉన్నా, మార్కుల లెక్క మారిస్తే గెలిచేవారు మారిపోతారు. ఇంక్రిమెంటు తేదీ ఒక్క రోజు అటూ ఇటూ అయితే ఏమవుతుందో తెలిసిన మనకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

ముందుగా బజర్ ఎలా పనిచేస్తుందో చెబుతాను. ప్రతి జట్టు ముందూ ఒక మీట, ఒక దీపం ఉంటాయి. ఎవరు ముందు నొక్కితే వారి దీపం వెలుగుతుంది. ఆ క్షణంలోనే మిగిలిన మీటలకు విద్యుత్తు వెళ్లే దారి మూసుకుపోతుంది. దీన్ని లాకౌట్ అంటారు. క్విజ్ మాస్టరు తన దగ్గరున్న మీట నొక్కి మళ్లీ తెరిచేదాకా రెండోవారు ఎంత నొక్కినా పలకదు. ఈ ఏర్పాటు లేకుండా నాలుగు కాలింగ్ బెల్లులు తెచ్చి బిగిస్తే, ఏది ముందు మోగిందో తేల్చడానికి మళ్లీ ఒక విచారణ సంఘం వేయాలి.

ఈ ఆటలో పేరుపొందినది ఇంగ్లండులోని ‘యూనివర్సిటీ ఛాలెంజ్’. అమెరికాలో 1953లో రేడియోలో మొదలైన ‘కాలేజ్ బౌల్’ను చూసి 1962లో దీన్ని టెలివిజన్లో ప్రారంభించారు. జట్టుకు నలుగురు విద్యార్థులు. మొదట ఒక బజర్ ప్రశ్న. దానికి నొక్కినవారే జవాబు చెప్పాలి, పక్కవారిని అడగకూడదు. సరైతే 10 మార్కులు. ఆ జట్టుకు వెంటనే మూడు అదనపు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 5. వీటికి నలుగురూ సంప్రదించుకోవచ్చు. అంటే ఒక్క బజర్ వెనుక 25 మార్కులున్నాయి.

దానిలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ప్రశ్న పూర్తికాకముందే నొక్కి తప్పు చెబితే 5 మార్కులు కోత. ప్రశ్న అంతా విన్నాక తప్పు చెబితే కోత లేదు. తెలియకపోవడానికి అక్కడ శిక్ష లేదు, తొందరపాటుకే ఉంది. ఎవరు రాశారో గాని మంచి అనుభవజ్ఞుడు రాసిన నియమం.

తొందరపడితే ఏమవుతుందో చూడండి. క్విజ్ మాస్టరు ఇలా మొదలుపెడతాడు: “1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి...” టక్కున బజర్ మోగుతుంది. “ప్రకాశం పంతులు గారు!” అని కేక. కాని ప్రశ్న పూర్తిగా ఇది: “1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారు. మరి 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి ఎవరు?” జవాబు నీలం సంజీవరెడ్డి గారు. కేక వేసినవారికి రెండూ తెలిసే ఉంటాయి, అయినా అయిదు మార్కులు పోయాయి.

ఇప్పుడు కోత లెక్క. రైటుకు 10 వచ్చి, తప్పుకు 5 పోతే, మూడు సార్లు నొక్కి ఒకటి రైటు, రెండు తప్పు చెప్పినవాడికి మిగిలేది సున్నా. అంటే మూడింట ఒక వంతుకు మించి నమ్మకం ఉంటేనే నొక్కాలి. తప్పుకు కూడా 10 పోయేట్లయితే సగానికి మించిన నమ్మకం ఉండాలి. అసలు కోతే లేకపోతే? గుడ్డిగా నొక్కినవాడికి పోయేదేమీ లేదు. అప్పుడు తెలిసినవాడు ఆలోచించేలోపు తెలియనివాడు నొక్కేస్తాడు. కోత మరీ ఎక్కువైతే జంకేవారు, ముఖ్యంగా మన ఆడవారు, తెలిసి కూడా చెయ్యి చాపరు. అందుచేత రైటులో సగం కోత మధ్యేమార్గం.

మన దేశంలో కలకత్తాలో 1967లో నీల్ ఓబ్రయిన్ గారు బహిరంగ క్విజ్ పోటీలకు నాంది పలికారు. హైదరాబాదులో ‘కె సర్కిల్’ అనే క్విజ్ క్లబ్బు 1970లలో మొదలైంది. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు గారి ‘క్విజ్ టైమ్’ వచ్చినప్పుడు, టీవీ ఉన్న ఇంట్లో వీధంతా చేరడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2000 జూలైలో అమితాబ్ బచ్చన్ గారి ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’, 2014లో తెలుగులో నాగార్జున గారి ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలయ్యాయి. వాటిలో వేలి వేగం గడప దాటే వరకే. పదిమందిలో ఎవరు సరైన జవాబును త్వరగా నొక్కితే వారికి ఆ కుర్చీ దక్కేది. కుర్చీలో కూర్చున్నాక తెలివే ఆధారం.

అసలు వేగం, జ్ఞానం ఒకటేనా? దీనికి మంచి ఉదాహరణ అమెరికాలోని ‘జెపర్డీ’ కార్యక్రమం. 1964లో మొదలైంది. 1984లో కొత్తగా మళ్లీ ప్రారంభించినప్పుడు ప్రశ్న మధ్యలోనే బజర్ నొక్కనిచ్చేవారు. మరుసటి ఏడు నియమం మార్చారు. ప్రశ్న చదవడం పూర్తయి, దీపాలు వెలిగాకనే నొక్కాలి. ముందే నొక్కితే పావు సెకను పాటు ఆ మీట పనిచేయదు. పావు సెకనే కదా అనుకోకండి, ఆ ఆటలో పావు సెకనంటే రైలు వెళ్లిపోయినట్టే.

2011లో అదే ఆటలో ఐబీఎం వారి ‘వాట్సన్’ అనే కంప్యూటర్‌ను, అప్పటికి మహా విజేతలైన కెన్ జెన్నింగ్స్, బ్రాడ్ రట్టర్‌లతో పోటీకి నిలబెట్టారు. యంత్రమే గెలిచింది. దాని జ్ఞానం తక్కువదని నేననను. కాని సంకేతం రాగానే మీట నొక్కడంలో మనిషి వేలు దానికి సాటి రాలేదు. అయితే మొదటి ఆట చివర బజర్ లేని ప్రశ్న ఒకటి వచ్చింది. ముగ్గురూ విడివిడిగా జవాబు రాయాలి. రెండో ప్రపంచ యుద్ధ వీరుడి పేరు ఒక విమానాశ్రయానికీ, ఆ యుద్ధంలోని ఒక పోరు పేరు మరో విమానాశ్రయానికీ ఉన్న అమెరికా నగరం ఏది? మనుషులిద్దరూ చికాగో అని రాశారు. యంత్రం టొరంటో అని రాసింది. టొరంటో కెనడాలో ఉందని మన మనవలు కూడా చెబుతారు!

ఈ సంగతి మనకెందుకంటే, మన సంఘంలో అరవై నుంచి ఎనభై అయిదు దాకా అన్ని వయసులవారూ ఉన్నారు. వయసు పెరిగేకొద్దీ చెయ్యి నెమ్మదిస్తుంది, చూసిన లోకం, చదివిన పుస్తకం ఎక్కడికీ పోవు. ఆమధ్య ఒక కాలనీలో క్విజ్‌కు స్కోరు రాయడానికి వెళ్లాను. ఎనభై దాటిన ఒక మాస్టారు పోటీలో కూర్చున్నారు. చాలా ప్రశ్నలకు జవాబు ఆయన పెదవుల మీదే ఉంది. కాని చెయ్యి వణుకు. మీట దగ్గరకు వెళ్లేసరికి అవతల కుర్రాడి దీపం వెలిగేది. చివరికి ఆయన జట్టు పేరు ఎదురుగా నేను రాసింది సున్నా. లేస్తూ లేస్తూ, “నాకేమీ రాదనుకుంటారే వీళ్లంతా” అని భార్యతో మెల్లగా అన్నారు. అక్కడ ఎవరూ నియమం తప్పలేదు, కుర్రాడు మోసం చేయలేదు. ఆ నియమాలకు మాస్టారి జ్ఞానాన్ని కొలిచే కొలత లేదు, అంతే.

పోనీ బజర్ తీసేద్దామా? తీసేస్తే ఆట రక్తి కట్టదు. పిల్లలు సెల్‌ఫోన్లలో తల దూరుస్తారు. ఇంకో పద్ధతి ప్రశ్నను వరుసగా ఒక జట్టు నుంచి మరో జట్టుకు పంపడం. అందులో సొంత ప్రశ్నకు 10, పక్క జట్టు వదిలేసిన దానికి 5 ఇస్తుంటారు. బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవారికి అదృష్టం కలిసివస్తుంది. కుర్చీల వరుసను బట్టి విజయం తేలడం న్యాయం కాదు. ఇవన్నీ ఆలోచించి, సగం రాతతో, సగం బజర్‌తో ఈ ముసాయిదా తయారుచేశాను.

ఒకటి: నాలుగు జట్లు. జట్టుకు ముగ్గురు. ఒక పెన్షనరు, ఒక గృహిణి లేదా కుటుంబ పెన్షనరు, పదహారేళ్ల లోపు మనవడో మనవరాలో.

రెండు: మొదటి విడత రాత. పది ప్రశ్నలు. ప్రశ్నకు ముప్పై సెకన్లు. ముగ్గురూ సంప్రదించుకుని చీటీ మీద రాయాలి. తెలిసిన ప్రతి జట్టుకూ 10 మార్కులు. కోత లేదు.

మూడు: రెండో విడత బజర్. పది ప్రశ్నలు. ప్రశ్న పూర్తయ్యాక జట్టులో గుసగుసలాడుకోవడానికి పది సెకన్లు. తరువాత గంట కొడతారు. గంట మోగాకనే నొక్కాలి. ముందే నొక్కితే మార్కులు పోవు గాని ఆ ప్రశ్నకు ఆ జట్టు పక్కన కూర్చోవాలి.

నాలుగు: బజర్ నొక్కే బాధ్యత పిల్లలది. జవాబు ముగ్గురిలో ఎవరైనా అయిదు సెకన్లలో చెప్పవచ్చు. తాతయ్య తల ఊపితే మనవరాలి వేలు కదలాలి. ఈ ఆటలో వణికే చేతికి పని లేదు.

అయిదు: బజర్ నొక్కి సరైన జవాబు చెబితే 10. తప్పు చెప్పినా, చెప్పలేకపోయినా 5 కోత. అప్పుడు మిగిలిన జట్లకు మళ్లీ బజర్ తెరుస్తారు. వారికి రైటుకు 10, తప్పుకు కోత లేదు. ముందు దూకినవారే మూల్యం చెల్లించాలి.

ఆరు: మొదట పలికిన జవాబే లెక్క. తెలుగులో చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా సరే. మనిషి ఎవరో స్పష్టమైతే ఇంటిపేరు లేకున్నా ఒప్పుకోవాలి.

ఏడు: జవాబులు, అవి ఏ పుస్తకంలో ఉన్నాయో రాసిన కాగితం ముందుగానే ఇద్దరు న్యాయనిర్ణేతల దగ్గర ఉండాలి. అభ్యంతరం ఉంటే తరువాతి ప్రశ్న మొదలయ్యేలోపు చెప్పాలి. ఇంటికెళ్లి భోంచేశాక గుర్తొచ్చిన అభ్యంతరాలు చెల్లవు.

ఎనిమిది: స్కోరు ఇద్దరు విడివిడిగా రాయాలి. అయిదు ప్రశ్నలకొకసారి రెండు లెక్కలూ సరిచూసి బల్ల మీద అందరికీ కనబడేలా వేయాలి. సాయంత్రం క్యాష్ బుక్ ముగించకుండా ఇంటికి వెళ్లేవాళ్లమా మనం?

తొమ్మిది: సమానంగా వస్తే మరో మూడు రాత ప్రశ్నలు. అప్పటికీ తేలకపోతే బహుమతి ఇద్దరికీ పంచాలి. చివరి తీర్పు వేలికి అప్పగించకూడదు.

పది: తప్పు చెప్పినవారిని చూసి ఎవరూ నవ్వకూడదు. దీనికి కోత పెట్టలేదు. మన పెద్దరికం మీద నమ్మకంతో వదిలేశాను.

కొందరు మిత్రులు నిన్ననే అడిగారు, “వినోదానికి ఆడే ఆటకు ఇంత రాద్ధాంతమా?” అని. వారికి నా మనవి ఒక్కటే. మనం ఈ పండుగను డిసెంబరు 17న ఎందుకు చేసుకుంటున్నాం? 1979 మార్చి 31న గాని ఆ తరువాత గాని ఉద్యోగ విరమణ చేసినవారికే మెరుగైన పెన్షను లెక్క వర్తిస్తుందని ఆనాడు కేంద్ర ప్రభుత్వం అన్నది. అంతకుముందు దిగిపోయినవారు అదే పని చేసినా పాత లెక్కలోనే ఉండిపోయారు. నకారా గారి కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఆ తేదీ గీతను కొట్టివేసింది. పెన్షనర్లందరూ ఒకే తరగతి, కారణం లేని గీత గీసి వారిని విడదీయరాదు అన్నది. ఒక నియమం ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని గడప బయట నిలబెడుతుంది అని అడగడం ఆ తీర్పు మనకు నేర్పింది. ఆ రోజున ఆడే ఆటలో, వేలు సాగనివారిని గడప బయట నిలబెడితే బాగుంటుందా?

ఈ ముసాయిదా మీద సభ్యులు తమ సూచనలను, ఒక్కొక్కరు కనీసం అయిదు ప్రశ్నలను, జవాబు దొరికే పుస్తకం పేరుతో సహా, నెలాఖరులోగా కార్యదర్శి గారికి అందజేయాలని కోరుతున్నాను. మన ఊరి చెరువులు, మన పాత తాలూకాలు, అణాలు, వీశెలు, పాత పాటలు అన్నీ ప్రశ్నలు కావాలి. మనవలకు అవి కొత్త, మనకు వారి రాకెట్లు కొత్త. ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుని గుసగుసలాడుకునే ఆ పది సెకన్ల కోసమే ఈ నియమావళి అంతా.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మాత్రం మరువకండి. దానికి బజర్ లేదు, గడువు ఉంది.