ఒంటరి గెలాక్సీలు – జంట గెలాక్సీలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు చదువుట ఈ గ్రంథాలయము నాకు పెట్టిన భిక్ష. నేడు ఆకాశపు లెక్క నొకదానిని మీకు విన్నవింతును.

మన హిందూపురమునకు దక్షిణమున, రైలుదారిలోనే, గౌరీబిదనూరు కలదు. అచ్చటి రేడియో ఖగోళ కేంద్రము 1976లో పని ప్రారంభించినది. విశాలమైన బయలులో వేయి ఏరియళ్లను నిలిపి, ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములను పట్టిరి. వానితో వ్రాసిన ఆకాశపటము 1990లో వెలువడినది.

ఇట్టి తరంగములు మన పాలవెల్లినుండియే కాక, దానివంటి ఇతర నక్షత్ర సముదాయములగు గెలాక్సీలనుండియు వచ్చుచున్నవి. ఆ గెలాక్సీలలో కొన్ని ఒంటరివి; కొన్ని జంటలు. తోడు వలన ప్రసారము హెచ్చునా?

పొరుగువలన కలిగిన లాభమెంతో తెలియవలెనన్న, పొరుగులేనివాని చిట్టాను ముందు చూడవలెను గదా! సోవియట్ దేశమున కరచెంత్సెవ్ 1972లో 603 జంటల పట్టికను, కరచెంత్సెవా 1973లో వేయికి పైబడిన ఒంటరి గెలాక్సీల పట్టికను ప్రకటించిరి. తరువాతి పరిశోధకులు రెండు తెగలను పోల్చి చూడగా, తోడున్న సర్పిల గెలాక్సీల నడిమి భాగమున రేడియో ప్రసారము సగటున హెచ్చుగా నుండెను. వెలుపలి పళ్లెమున అంత భేదము లేకుండెను.

కారణమేమన, ఒకదాని ఆకర్షణ రెండవదానియందలి వాయువును కలచి నడుమకు చేర్చును. అచ్చట క్రొత్త నక్షత్రములు విరివిగా పుట్టును. వానిలో మిక్కిలి పెద్దవి త్వరలోనే ప్రేలిపోవును. ఆ ప్రేలుడువలన మహావేగమందిన ఎలక్ట్రానులు అయస్కాంత క్షేత్రమున సుడితిరుగుచు రేడియో తరంగములను వెదజల్లును.

అయితే ప్రతి గట్టి ప్రసారమునకును జంటయే కారణమనరాదు. హంసమండలమునందలి సిగ్నస్-ఎ రెండు గెలాక్సీల తాకిడియని 1954లో బాడే, మింకౌస్కీ అను పండితులు తలచిరి. ఆ ప్రసారమునకు మూలము దాని నడుమనున్న మహా కృష్ణబిలమని తరువాత తేలినది.

ఇరువదేండ్ల క్రిందట, మన బీరువాలోని పాత పుస్తకమును నమ్మి, ఆ తాకిడి కథనే నేను ఇచ్చటి బాలురకు చెప్పితిని. వారు నేడు పెద్దలై ఈ సభలో ఉన్నారు. వారి యెదుటనే ఆ పద్దును దిద్దుకొనుచున్నాను. పద్దు తప్పుట మానవ సహజము. తెలిసియు దిద్దకుండుట దోషము.

కావున నాదొక మనవి. ఉత్సవమునకు వసూలైన చందాలో మిగిలినదానిని రంగుల కమానునకు గాక, క్రొత్త శాస్త్ర గ్రంథములకు వినియోగింపుడు. పాత పుస్తకమును పారవేయవలదు. దాని ప్రక్కనే క్రొత్తదానిని నిలుపుడు. రెండును చదివిన బాలుడు నాకంటె మంచి లెక్కరి కాగలడు.

సెలవు.