బొమ్మకు ముందు గుడ్డ
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక మనలో కొందరు ఆయిల్ పెయింటింగ్ చేపట్టారు. తల్లిదండ్రుల బొమ్మో, కాలం చేసిన భార్య బొమ్మో వేసి ఇంట్లో పెట్టుకుంటున్నారు. చాలా సంతోషం. అయితే ఆ బొమ్మ మనవల కాలానికి నిలవాలంటే రంగుల కంటే ముందు గుడ్డ సంగతి చూడాలి.

ఆయిల్ రంగుల్లో సాధారణంగా ఉండేది అవిసె నూనె. అది గాలి తగిలి గట్టిపడేటప్పుడు ఆమ్లాలు పుడతాయి. నూనె నేరుగా గుడ్డలోకి ఇంకితే ఏళ్లు గడిచేకొద్దీ నూలు పెళుసుబారి చిరుగుతుంది. అందుకే గుడ్డకూ రంగుకూ మధ్య అడ్డుపూత కావాలి. పూర్వం ఐరోపా చిత్రకారులు కుందేలు చర్మపు జిగురు పూసేవారు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది గనుక మన వానాకాలానికి నప్పదు. 1950ల నుంచి దొరుకుతున్న అక్రిలిక్ జెస్సో మనకు మేలు.

ముందు గుడ్డను చట్రానికి బిగించాలి. నేత పోగులు చట్రం అంచుకు సమాంతరంగా ఉండాలి. నాలుగు వైపులా నడిమధ్యన ఒక్కొక్క మేకు కొట్టి, ఎదురెదురుగా మూలల వైపు జరుగుతూ పోవాలి. ఒక వైపంతా ముందే కొట్టేస్తే ముడతలు తప్పవు. వేళ్లలో బలం తగ్గినవారు గుడ్డ లాగడానికి మనవడిని పిలవండి, వాడూ నేర్చుకుంటాడు.

తర్వాత జెస్సో. మొదటి పూతలో కొద్దిగా నీళ్లు కలిపి పోగుల్లోకి దిగేలా రుద్దండి. ఆరాక గరుకు కాగితంతో పైపైన రుద్ది, రెండో పూత అడ్డంగా, మూడోది నిలువుగా వేయండి. చేతికి ఆరినట్టే తోచినా మూడు రోజులు ఆగాకే ఆయిల్ రంగు పట్టించండి. చవకని గోడ డిస్టెంపరు పూయకండి, పొడిగా రాలిపోతుంది. బజారులో సిద్ధంగా దొరికే కాన్వాసైతే ఒక అంచున నూనె చుక్క వేసి మర్నాడు వెనక్కి తిప్పి చూడండి. మరక కనిపిస్తే మరో రెండు పూతలు అవసరమన్నమాట.

మన చేర్యాల నకాషీ కళాకారులు ఆయిల్ రంగులు వాడరు. అయినా ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించాకే కుంచె ముంచుతారు. ఆఫీసులో ఎంత గొప్ప నోటు రాసినా, అట్టా ట్యాగూ సరిగ్గా లేని ఫైలు ఎన్నాళ్లు నిలిచేదో మనకందరికీ తెలుసు కదా!

ఆసక్తి ఉన్నవారు వచ్చే సమావేశానికి చట్రమూ గుడ్డా తెచ్చుకోండి, కలిసి బిగిద్దాం.